మసక వెలుతురులో మొక్కలు: ఒక ప్రసంగంపై విమర్శ

మా కళాశాలలో క్రిందటి అర్ధసంవత్సర పరీక్షకు "కిరణజన్య సంయోగక్రియకు కాంతి అవసరమని ఋజువుచేసే ప్రయోగాన్ని వర్ణించండి" అనే ప్రశ్న ఇచ్చాను. ఒక విద్యార్థి దానికి చక్కని జవాబు వ్రాశాడు. కుండీలోని మొక్కను రెండు రోజులు చీకటిలో ఉంచి ఆకులలోని పిండిపదార్థాన్ని పోగొట్టడం, ఒక ఆకులో కొంత భాగాన్ని నల్లకాగితంతో కప్పడం, మొక్కను ఎండలో పెట్టడం, ఆ తరువాత ఆకు పచ్చదనాన్ని ఆల్కహాలులో పోగొట్టి అయొడిన్ ద్రావణం వేయడం, అన్నీ వరుసగా ఉన్నాయి. బొమ్మ కూడా బాగున్నది. చివర మాత్రం తనంతట తాను ఒక వాక్యం చేర్చాడు: "అయితే స్నేక్ ప్లాంటుకు ఈ నియమం వర్తించదు. అది రాత్రివేళ కూడా ప్రాణవాయువును ఇస్తుంది."

ఎర్ర సిరా కలం చేతిలో పట్టుకొని కొంతసేపు ఆగిపోయాను. కాంతి లేనిచోట పిండిపదార్థం తయారుకాదని ఒక పుటనిండా ఋజువుచేసిన పిల్లవాడే, ఒక మొక్క కాంతి లేకుండానే ఆ పని చేస్తుందని క్రింద సంతకం పెట్టినట్లు వ్రాశాడు. పిలిచి అడిగితే, "ఫోనులో ఒక ప్రసంగం విన్నాను సార్, పెద్దాయనే చెప్పారు" అన్నాడు. అతడు చూపించగా నేనూ విన్నాను. విన్న తరువాత తప్పు పిల్లవానిది కాదని తోచింది. ఈ వ్యాసం ఆ ప్రసంగం గురించి, దాని మాటున మరుగుపడిపోయిన ఒక మంచి ప్రశ్న గురించి. వెలుతురు చాలని గదులలో మొక్కలు ఎట్లా కాలం గడుపుతాయి అన్నదే ఆ ప్రశ్న.

ప్రసంగకర్త ఢిల్లీకి చెందిన కమల్ మీటల్. 2009లో టెడ్ సభలో నాలుగు నిమిషాలు మాట్లాడారు. ఢిల్లీ గాలి తన ఊపిరితిత్తులకు పడలేదని, మొక్కల సాయంతో తన కార్యాలయ భవనంలోనే మంచి గాలిని పండించుకున్నామని చెప్పారు. ఆయన పేర్కొన్న మొక్కలు మూడే. హాలులో అరెకా పామ్, మనిషికి భుజమెత్తువి నాలుగు. పడకగదిలో స్నేక్ ప్లాంటు, మనిషికి నడుమెత్తువి ఆరునుంచి ఎనిమిది. ఇది రాత్రిపూట బొగ్గుపులుసు వాయువును ప్రాణవాయువుగా మార్చుతుందట. మూడవది మనీప్లాంటు, ఇది గాలిలోని విషరసాయనాలను తీసివేస్తుందట. ఈ మూడూ ఉంటే మూతపెట్టిన సీసాలో కూర్చున్నా మనిషి చనిపోడని కూడా అన్నారు.

నిజమైన బాధతో, మంచి ఉద్దేశంతో మాట్లాడిన మనిషి. మాట తీరు బాగున్నది. చిక్కు అంతా లెక్కలో ఉన్నది. ఆ లెక్కను పదవ తరగతి విద్యార్థి కూడా వేయగలడు. వేసి చూద్దాం.

విశ్రాంతిగా ఉన్న మనిషి నిమిషానికి సుమారు పావు లీటరు ప్రాణవాయువును వాడుకుంటాడు. అణువుల లెక్కలో అది సెకనుకు సుమారు 170 మైక్రోమోలులు. ఇక మొక్క వైపు చూద్దాం. ఒక్క ప్రాణవాయువు అణువు వెలువడటానికి ఆకు కనీసం 8 కాంతికణాలను ఖర్చుపెట్టాలి. మిట్టమధ్యాహ్నపు ఎండలో చదరపు మీటరు మేర సెకనుకు సుమారు 2000 మైక్రోమోలుల కాంతికణాలు పడతాయి. అప్పుడు కాంతిమాపకం సుమారు లక్ష లక్సులు చూపుతుంది. కిటికీకి దూరంగా, గది మూలలో అదే మాపకం 100 లక్సులు చూపితే ఆశ్చర్యపడనక్కరలేదు. మన కన్ను దీనిని గ్రహించదు. కంటిపాప పెద్దదై సర్దుకొంటుంది, మనకు గది వెలుతురుగానే కనిపిస్తుంది. కాని మొక్కకు అందేది ఎండలో వెయ్యవవంతు, అంటే 2 మైక్రోమోలులు మాత్రమే. ఒక్క కాంతికణమైనా వృథా కాలేదనుకుందాం. 2ను 8తో భాగిస్తే, చదరపు మీటరు ఆకు సెకనుకు ఇచ్చేది పావు మైక్రోమోలు. మనిషికి కావలసిన 170ని ఈ పావుతో భాగిస్తే 680 వస్తుంది.

ఒక్క మనిషికి 680 చదరపు మీటర్ల ఆకు కావాలన్నమాట. మన ఊళ్ళ కొలతలో దాదాపు పదిహేడు సెంట్ల స్థలం. అదీ ఏ ఆకూ మరొక ఆకుపై నీడ వేయకుండా పరచి, ఆకులు తాము ఏమాత్రం శ్వాసించవనుకొని, పగలు ఇరవైనాలుగు గంటలూ ఉంటుందనుకొని వేసిన లెక్క. కిటికీ ప్రక్కకు జరిపి వెలుతురును పదిరెట్లు చేసినా 68 చదరపు మీటర్లు కావాలి. నాలుగు పామ్ మొక్కల ఆకులన్నీ కోసి పరిస్తే ఒక చిన్నగది నేల నిండుతుందేమో. మూతపెట్టిన సీసాలో కూర్చోమని ఎవరైనా పిలిస్తే పోకండి.

ఈ లెక్కతోనే మన పెద్దల భయం ఒకటి తీరుతుంది. రాత్రిపూట చింతచెట్టు క్రింద పడుకోరాదని, గదిలో మొక్క ఉంచరాదని, అది బొగ్గుపులుసు వాయువు విడిచి ప్రాణం తీస్తుందని అంటారు. కుండీమొక్క ఆకులు చదరపు మీటరుకు రాత్రి విడిచేది సాధారణంగా సెకనుకు ఒక మైక్రోమోలుకన్న తక్కువే. మంచం ప్రక్కన మరొక మనిషి పడుకుంటే అంతకు నూరురెట్లకు పైగా విడుస్తాడు. అతణ్ణి చూసి ఎవరూ భయపడరు గదా. ఆశ కూడా భయమంత అతిశయోక్తే. గది తలుపులన్నీ బిగించి శీతలయంత్రం వేసుకొని పడుకునేవారికి ఉక్కబోత తీర్చవలసింది కిటికీయే. ఎనిమిది కుండీలను నమ్ముకొని కిటికీ మూసుకుంటే నష్టపోయేది మనిషి.

మనీప్లాంటు విషవాయువులను తీసివేస్తుందన్న మాటకు మూలం 1989నాటి నాసా నివేదిక. వుల్వర్టన్, ఆయన సహచరులు మూసిన చిన్న పెట్టెలలో మొక్కలనుంచి బెంజీను వంటి ఆవిరులను వదలి, అవి తగ్గడం చూశారు. ప్రయోగం సక్రమమైనదే. కాని ఇల్లు మూసిన పెట్టె కాదు, సందులనుండి గాలి వస్తూ పోతూ ఉంటుంది. 2019లో కమ్మింగ్స్, వేరింగ్ అనే ఇద్దరు పరిశోధకులు అంతవరకు వచ్చిన ఫలితాలను కూడదీసి లెక్క వేసి, భవనంలో సహజంగా వచ్చిపోయే గాలి చేసే పనికి సమానం కావాలంటే చదరపు మీటరు నేలకు 10నుంచి 1000 మొక్కలదాకా కావాలని తేల్చారు. పది మొక్కలు పెడితే ఇంకా నిలుచుండటానికి చోటెక్కడ? దీనిని ఇంతటితో వదిలి, విద్యార్థి వ్రాసిన వాక్యానికి వద్దాం.

స్నేక్ ప్లాంటు రాత్రి ప్రాణవాయువునిస్తుందా? ఇవ్వదు. ఇది ఇప్పటి వివాదం కూడా కాదు. 1770 దశకం ప్రారంభంలో ప్రీస్ట్లీ, కొవ్వొత్తి ఆరిపోయిన గాలిని పుదీనా మొక్క బాగుచేస్తుందని కనుగొన్నాడు. కాని తరువాత చేసిన ప్రయోగాలు ఒకసారి కుదిరేవి, ఒకసారి కుదిరేవి కావు. కారణం ఆయనకు అంతుపట్టలేదు. 1779 వేసవిలో ఇంగెన్‌హౌస్ అనే డచ్చి వైద్యుడు ఇంగ్లండులో ఐదువందలకు పైగా ప్రయోగాలు చేసి, ఆకుపచ్చని భాగాలు వెలుతురులో ఉన్నప్పుడు మాత్రమే గాలిని బాగుచేస్తాయని, చీకటిలో అవి కూడా గాలిని పాడుచేస్తాయని చూపించాడు. ఆ వెలువడే ప్రాణవాయువు నీటినుండి వస్తుందని 1941లో రూబెన్, కామెన్ బరువైన ప్రాణవాయువు ఐసోటోపు సాయంతో ఋజువుచేశారు. నీటిని విడగొట్టేది కాంతి. కాంతి లేనిదే ఆ పని ఏ మొక్కలోను జరుగదు. స్నేక్ ప్లాంటులో జరుగదు, రావిచెట్టులోను జరుగదు.

మరి ఆ పుకారు ఎక్కడ పుట్టినట్లు? ఒక నిజం పొరబాటుగా అర్థమైనందువల్ల పుట్టింది. ఆ నిజం ప్రసంగంకంటె ఎంతో రుచికరమైనది. బెంజమిన్ హైనే అనే వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు ఈస్టిండియా కంపెనీ కొలువులో మన దేశంలో పనిచేశాడు. రాక్స్‌బర్గ్ తరువాత సామర్లకోట తోట బాధ్యత కొంతకాలం చూసినవాడు. రణపాల ఆకు తెల్లవారుజామున పుల్లగా ఉంటుందని, మధ్యాహ్నానికి చప్పబడుతుందని నమిలి చూసి, లండనులోని లిన్నేయన్ సంఘానికి వ్రాశాడు. ఆ లేఖ 1815లో అచ్చయినది. ఆ పులుపు మాలిక్ ఆమ్లం. ఎండ దేశాలలో నీరు పోకుండా కాపాడుకోవడానికి కొన్ని మొక్కలు పగలు పత్రరంధ్రాలను మూసికొని రాత్రి తెరుస్తాయి. రాత్రి లోనికి వచ్చిన బొగ్గుపులుసు వాయువును ఆమ్లంగా నిలవచేస్తాయి. తెల్లవారిన తరువాత ఆ ఆమ్లంలోనుండి దానిని తిరిగి విడిపించి, కాంతి సాయంతో పంచదారగా మారుస్తాయి. ప్రాణవాయువు పుట్టేది ఈ పగటి భాగంలోనే. రణపాల, కలబంద, స్నేక్ ప్లాంటు ఈ పద్ధతివే. రాత్రి బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటుంది అన్నంతవరకు ప్రసంగం సరియే. పీల్చుకున్నదాన్ని అప్పుడే ప్రాణవాయువుగా మార్చి విడుస్తుంది అన్నచోట కాలు జారింది.

స్నేక్ ప్లాంటు పశ్చిమాఫ్రికానుండి వచ్చినది. మన చాగకు దగ్గరి చుట్టం. ఇంగ్లీషువారు దీనినే అత్తగారి నాలుక అని కూడా అంటారు. ఆ పేరు తెలుగులో పాతుకోకపోవడం మేలే. ఇది ఎండబెట్ట ప్రదేశాలకు అలవాటుపడిన మొక్క. చీకటి గదిలో బ్రతుకుతున్నది గదా, దీనికి కాంతి అక్కరలేదేమో అనుకోవడం రెండవ పొరబాటు. దుకాణంలో "నీడ మొక్క" అని చీటీ అంటించి అమ్ముతారు. ఆ చీటీ మొక్కకు నీడ ఇష్టమని చెప్పదు, నీడలో చావడానికి చాలాకాలం పడుతుందని మాత్రమే చెబుతుంది.

ఇక్కడ ఇంటి జమాఖర్చుల సంగతి కొంచెం చెప్పాలి. ఆకు కాంతితో సంపాదిస్తుంది, శ్వాసక్రియలో ఖర్చుపెడుతుంది. వెలుతురు తగ్గుతూపోతే ఒక మట్టంలో రాబడి, ఖర్చు సరిసమానమవుతాయి. దానిని తెలుగులో సమతుల్య స్థానం అనవచ్చు. ఎండకు పెరిగే మొక్కల ఆకులలో ఈ స్థానం 10నుంచి 20 మైక్రోమోలుల కాంతి దగ్గర ఉంటుంది. నీడకు అలవాటుపడినవాటిలో 1నుంచి 5 దగ్గరే. ఇందాకటి గదిమూలలోని 2 మైక్రోమోలులను దీనితో పోల్చి చూడండి. గులాబీకి అక్కడ రోజురోజుకూ అప్పు పెరుగుతుంది. నీడమొక్క ఆకు పగలంతా పనిచేసి తన కూలి తాను తినగలిగితే అదృష్టం. పైగా ఇది ఒక్క ఆకు లెక్క. వేళ్ళకు, కాండానికి, రాత్రి అంతటికీ తిండి పెట్టవలసినది కూడా ఆ ఆకే.

నీడమొక్కల నేర్పు రాబడి పెంచడంలో కొంత, ఖర్చు తగ్గించడంలో చాలావరకు ఉన్నది. దట్టమైన అడవుల నేలమీద, చెట్ల కొమ్మల నీడలో పుట్టిన జాతులివి. వీటి ఆకులు పలుచగా, వెడల్పుగా ఉంటాయి. పత్రహరితం ఎక్కువగా పట్టి ముదురాకుపచ్చగా కనిపిస్తాయి. ఆకు కణాలలోని హరితరేణువుల లోపలి పొరలు దొంతరలు దొంతరలుగా పేరుకొని, వచ్చిన కొద్దిపాటి కాంతిని జారిపోనీయవు. ఖర్చు వైపున శ్వాస మందగిస్తుంది. ఆకు ఏళ్ళతరబడి నిలుస్తుంది, ఎందుకంటే కొత్త ఆకు కట్టడం పెద్ద ఖర్చు. ఏడాదికి ఒకటి రెండు ఆకులతో సరిపెట్టుకునే మొక్కను మనం సోమరి అంటాం. ఆ రాబడిలో అంతకంటె తొందరపడితే దివాలాయే.

స్నేక్ ప్లాంటు, జామియోకల్కస్ వంటివి ఇంకొక దారి త్రొక్కుతాయి. వీటికి నేలలో దుంపకాండం ఉన్నది, ఆకులు లావుగా నిలవసరుకుతో నిండి ఉంటాయి. చీకటి మూలకు తెచ్చిన తరువాత చాలాకాలం ఈ నిలవ తింటూ మార్పు లేకుండా కనిపిస్తాయి. మా ప్రయోగశాల బీరువా ప్రక్కన ఒక స్నేక్ ప్లాంటు ఏడాదిన్నరగా ఉన్నది. దానిని చూసినవారందరూ "ఎంత బాగున్నదో" అంటారు. అది వచ్చిన రోజున ఏడు ఆకులు, నేటికీ ఏడే. వరండాలో పెట్టిన దాని తోబుట్టువు ఈలోగా కుండీ పగలగొట్టుకొని రెండు కుండీలైనది.

మనీప్లాంటు కథ మరొక రకం. ఇది పసిఫిక్ మహాసముద్రంలోని మోరియా ద్వీపం నుండి వచ్చిన ఎగబ్రాకే తీగ. సీసాలో నీళ్ళుపోసి కిటికీకి దూరంగా ఉంచితే ఆకులు చిన్నవైపోతాయి, ఆకుకు ఆకుకు మధ్య కాండం సాగుతుంది, పసుపుచారలు మాయమై ఆకు పచ్చబడుతుంది. పసుపు భాగంలో పత్రహరితం తక్కువ గనుక ఆ అలంకారం మొక్కకు భారమే. కాండం సాగడం కూడా బలం అనుకోకండి. వెలుతురుకోసం వెదకులాట అది. ఇదే తీగ కోస్తా జిల్లాలలో కొబ్బరిచెట్టునో మామిడిచెట్టునో పట్టుకొని పైకి ప్రాకితే, ఆకు విస్తరంత పెద్దదై చీలికలు వస్తుంది. రెండింటినీ ప్రక్కప్రక్కన చూసిన పిల్లలు ఒకే మొక్క అంటే నమ్మరు. గ్రామాలలోని ఉపాధ్యాయులకు ఇంతకంటె మంచి బోధనోపకరణం పైసా ఖర్చులేకుండా దొరకదు.

ఈ మొక్కలు పెద్దయెత్తున పెరిగేది కడియం చుట్టుప్రక్కల నర్సరీలలో. అక్కడ వీటిపై పచ్చని నీడవలలు కప్పి ఉండటం చూసే ఉంటారు. ఆ నీడ వేరు, ఇంటి నీడ వేరు. వల క్రింద ఎండలో మూడవవంతో నాలుగవవంతో మిగిలినా అది గదిమూలకు కొన్ని వందల రెట్లు. అంత వెలుతురులో కట్టుకున్న ఆకులను మోస్తూ మొక్క ఒక్కసారిగా మన హాలులోకి వస్తుంది. ఫైకస్ బెంజమినా అయితే వారం పదిరోజులలో గలగల ఆకులు రాల్చేస్తుంది. కొన్నవారు కంగారుపడి ఇంకొక చెంబు నీళ్ళు పోస్తారు. ఇంట్లో మొక్కలు ఎక్కువగా చచ్చేది ఈ చెంబుతోనే. వెలుతురు తగ్గితే ఆకు పని తగ్గుతుంది, నీరు ఆవిరికావడం తగ్గుతుంది, కుండీమట్టి ఆరదు. తడిమట్టిలో వేళ్ళకు గాలి ఆడక కుళ్ళిపోతాయి. పైన ఆకు వాడుతుంది. వాడినదని మరొక చెంబు.

ఇప్పుడు ఆ ప్రసంగంలోని ఒక వాక్యం దగ్గరకు తిరిగి వెళ్ళాలి. అరెకా పామ్ గురించి చెబుతూ, దానిని మూడు నాలుగు నెలలకొకసారి ఆరుబయట పెట్టాలని మీటల్ అన్నారు. నాలుగు నిమిషాలలో నాకు అన్నిటికంటె నచ్చిన మాట అదే. ఇల్లు ఆ మొక్కను పోషించలేకపోతున్నదని, లోపల చేసిన అప్పు బయట ఎండలో తీర్చవలసి ఉన్నదని ఆ మాట ఒప్పుకొంటున్నది. మొక్క మనకు గాలి పెట్టడంలేదు, మనమే దానికి అప్పుడప్పుడూ వెలుతురు పెట్టాలి అన్న అర్థం అందులో స్పష్టంగా ఉన్నది. ఆకులను తుడవాలని కూడా ఆయన అన్నారు. దుమ్ముపొర ఉన్న కొద్ది కాంతినీ అడ్డగిస్తుంది గనుక అదీ మంచి సలహాయే. వింతేమంటే విన్నవారు ఈ రెండు మాటలను మరచిపోయి సీసా మాటను మాత్రం పట్టుకున్నారు. ప్రసంగకర్త కూడా తన అనుభవంలోని ఈ నిజాన్ని తన సిద్ధాంతంతో సరిచూసుకోలేదు. సరిచూసుకొని ఉంటే ఆ సీసా మూత ఆయనే తెరిచేవారు.

ఆ విద్యార్థికి ప్రయోగానికి పూర్తి మార్కులు వేసి, చివరి వాక్యం కొట్టివేసి, "రణపాల ఆకుతో మొదలుపెట్టు" అని ప్రక్కన వ్రాశాను. హైనేవలె నమిలి చూడవద్దని గట్టిగా చెప్పాను. రణపాలలో గుండెకు హానిచేసే పదార్థాలున్నాయి. మా వరండాలో ఎండ తగిలేచోట ఉన్న రణపాలనుండి తెల్లవారుజామున ఒక ఆకు, సాయంకాలం నాలుగు గంటలకు ఒక ఆకు కోసి, సమానమైన ముక్కలు తూచి, కొద్ది నీటితో నూరి, ఆ రసాలలో పి.హెచ్. కాగితం ముంచాడు. ఉదయపు కాగితం నారింజరంగు తిరిగింది, సాయంకాలపుది పసుపుపచ్చన. రెండింటినీ నోటుపుస్తకంలో అంటించుకొని, "మరి స్నేక్ ప్లాంటుతో చేయనా సార్?" అన్నాడు. వరండాలోని దానితోను, బీరువా ప్రక్కనున్న దానితోను రెండింటితోను చేయమన్నాను.

వరండా మొక్కలో ఉదయానికి, సాయంత్రానికి తేడా రణపాలంత కాకపోయినా కంటికి కనిపించింది. బీరువా ప్రక్కనున్నదాని నుండి వచ్చిన రెండు కాగితాలను వెలుతురులోకి తీసికొనివెళ్ళి అటూ ఇటూ త్రిప్పి చూశాడు. రాత్రి ఆమ్లం నిలవచేసికోవడానికి కూడా పగటి సంపాదన కావాలి గదా. ఆ రెండూ ఇంచుమించు ఒకే రంగులో ఉన్నాయి.